పుస్తకం మూశాకే అసలు చదువు

"ఇంట్లో అంతా వచ్చింది. హాల్లోకి వెళ్లాక ఒక్కటీ గుర్తుకు రాలేదు." ఇంటర్ ఫలితాల రోజున ఈ మాట వినపడని వీధి ఉండదు. పెద్దవాళ్లు దీన్ని సాకు అంటారు, పిల్లలు భయం వల్ల అనుకుంటారు. ఆ పిల్లలు అబద్ధం చెప్పడం లేదని నా నమ్మకం. వచ్చిందని వాళ్లు నిజంగానే అనుకున్నారు. అలా అనుకునేలా చేసింది వాళ్లు చదివిన పద్ధతి.

పెళ్లిలో ఒకాయన ఎదురవుతాడు. ముఖం చూడగానే గుర్తుపడతాం, పేరు మాత్రం ఎంత తన్నుకున్నా రాదు. పాఠం విషయంలోనూ ఇంతే. రెండోసారి చదివేటప్పుడు వాక్యాలు తెలిసినవిగా కనిపిస్తాయి, మూడోసారికి కళ్లు జారుకుంటూ పోతాయి. ఆ సులువును చూసి "ఇది నాకు వచ్చేసింది" అని మనసు తీర్పు ఇచ్చేస్తుంది. పరీక్షలో మాత్రం పాఠం ఎదురుగా ఉండదు. తెల్ల కాగితం ఉంటుంది, లోపలున్నది మనమే బయటికి తీయాలి. ఆ పని ఇంట్లో ఒక్కసారీ చేయనివాడికి అక్కడ మొదటిసారి చేతకావాలంటే ఎలా?

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉన్న వాషింగ్టన్ యూనివర్సిటీలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్నే పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. విద్యార్థులకు చిన్న వ్యాసం, నాలుగు విడతల సమయం ఇచ్చారు. ఒక జట్టు నాలుగు విడతలూ చదువుతూనే ఉంది. మొత్తం మీద సగటున 14 సార్లు చదివారు. ఇంకో జట్టు ఒక్క విడతే చదివింది, ఆ విడతలో సగటున మూడు సార్లకు కాస్త ఎక్కువ. మిగతా మూడు విడతల్లో వ్యాసం చూడకుండా గుర్తున్నది కాగితం మీద రాసింది. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి: వాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71 శాతం. వారం గడిచాక అడిగితే కథ తిరగబడింది. చదివినవాళ్లకు మిగిలింది 40 శాతం, రాసినవాళ్లకు 61 శాతం.

ఈ ప్రయోగంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరొకటి. వారం తర్వాత ఎంత గుర్తుంటుందో ముందే అంచనా వేయమంటే, అందరికన్నా ధీమాగా జవాబిచ్చింది 14 సార్లు చదివినవాళ్లే! చదువు విషయంలో మన ధీమా మనకు సరైన సాక్షి కాదన్నమాట. తర్వాత 2009లో ఇదే బృందం 177 మంది కాలేజీ విద్యార్థులను ఎలా చదువుతారని అడిగింది. 84 శాతం మంది "మళ్లీ మళ్లీ చదువుతాం" అన్నారు. చూడకుండా గుర్తుచేసుకుంటామన్నది 11 శాతమే.

ఎందుకిలా? పుస్తకం మూయగానే మన ఖాళీలు మనకు కనిపిస్తాయి, కాస్త సిగ్గేస్తుంది. గంట కూర్చుని చదివింది నాలుగు ముక్కలు కూడా రాయలేకపోతే మనసు చివుక్కుమంటుంది. తెరిచిన పుస్తకం ఆ నొప్పి పెట్టదు, పైగా పసుపు రంగు గీతలు కష్టపడ్డామన్న తృప్తినీ ఇస్తాయి. మనిషి సహజంగా తృప్తి ఉన్నవైపే మొగ్గుతాడు, బద్ధకం అని తిట్టి లాభం లేదు. మీ మనసు మొరాయించే ఆ క్షణంలోనే జ్ఞాపకం గట్టిపడుతోందని తెలుసుకోండి. గుర్తురాక తన్నుకులాడటం తెలివి తక్కువై కాదు, చదువు జరిగే తీరే అది.

మన పాత బడులకు ఈ సంగతి తెలుసు. చదివిన పాఠం మర్నాడు పంతులు గారికి ఒప్పజెప్పాల్సిందే. పాఠాలు నేర్చుకునే పిల్లలపై ఆర్థర్ గేట్స్ అనే అమెరికన్ పరిశోధకుడు 1917లోనే పరీక్షలు చేసి, సమయంలో ఎక్కువ భాగం చదవడానికి కాక ఒప్పజెప్పుకోవడానికి ఇస్తేనే ఫలితం బాగుందని తేల్చాడు. అవధానాల్లో కూడా చూడండి. అవధాని పద్యం అడిగిన ఒక్కో పృచ్ఛకుడికి ఒక్కో విడతలో ఒక్కో పాదం చెబుతూ, మధ్యలో అప్రస్తుత ప్రసంగాన్నీ తట్టుకుంటూ, మళ్లీ ఆ పృచ్ఛకుడి వంతు వచ్చినప్పుడు ముందు పాదాన్ని కాగితం లేకుండా అందుకుంటాడు. చివర్లో పద్యాలన్నీ ఒప్పజెప్పే ధారణకు బలం ఆ మధ్య విడతల్లోనే చేరుతుంది. ఒప్పజెప్పడమంటే బట్టీ పట్టడం మాత్రం కాదు. పుస్తకంలోని వాక్యం యథాతథంగా రానక్కర్లేదు, విషయం మీ మాటల్లో రావాలి. ఎందుకు, ఎలా అన్నవీ రావాలి.

ఇక చేయాల్సింది. ఒక సెక్షన్ చదవండి, పుస్తకం మూయండి, తెల్ల కాగితం తీసుకుని గుర్తున్నదంతా రాయండి. చక్కగా రాయాలనుకోకండి, గీతలైనా బొమ్మలైనా సరే. తర్వాత పుస్తకం తెరిచి తప్పులూ ఖాళీలూ ఎర్ర పెన్నుతో సరిదిద్దండి. ఈ సరిదిద్దడం మానేస్తే తప్పు తప్పుగానే పాతుకుపోతుంది. అదే పాఠాన్ని రెండు రోజులాగి, వారం ఆగి మళ్లీ చూడకుండా రాయండి. లెక్కలకైతే సాధించిన ఉదాహరణను పక్కన పెట్టుకుని "అర్థమైంది" అనుకోవద్దు, దాన్ని మూసి మొదటి మెట్టు నుంచి మీరే చేయండి. గ్రూప్స్‌కి చదివేవాళ్లు పాత ప్రశ్నపత్రాలను చివరి నెలకు దాచుకోకుండా మొదటి వారం నుంచే వాడుకోవాలి, కీ మాత్రం పక్కన ఉండకూడదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. "ఎన్ని గంటలు చదివావు?" అని అడిగితే పిల్లలు గంటలే చూపిస్తారు. ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు పెట్టే హాస్టళ్లలో కూడా పుస్తకం ముందు కూర్చున్న సమయాన్నే లెక్కిస్తున్నారు, అందులో చూడకుండా రాసిన నిమిషాలెన్నో ఎవరూ అడగరు. మీరు అడగండి. అన్నాలు తినేటప్పుడో, ఆదివారం ఫోన్లోనో "ఈ వారం చదివినదాంట్లో ఒకటి నాకు చెప్పు నాన్నా" అనండి. మీకు ఫిజిక్స్ రాకపోయినా, బడికే వెళ్లకపోయినా ఫర్వాలేదు. అర్థం కాని చోట "అదెందుకు అలా?" అని ఆపితే చాలు. జవాబు తెలిస్తే చెబుతారు, తెలియకపోతే వాళ్లే వెళ్లి ఆ పేజీ తీస్తారు.