ప్లేట్‌లెట్ల నాణ్యత: లెక్క ఒక్కటే చాలదు

డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్ల కోసం అభ్యర్థనలు తరచూ వస్తాయి. అఫెరిసిస్ (దాత రక్తం నుంచి యంత్రంతో ప్లేట్‌లెట్లను వేరుచేసే పద్ధతి) సంచిలో కనీసం 3×10¹¹ కణాలు ఉండాలన్నది పరీక్షలు రాసే అభ్యర్థులు కంఠస్థం చేసే అంకె. కానీ లెక్క సరిపోయినా కణాలు పనికిరాకుండా పోవచ్చు. ప్లేట్‌లెట్లను 20–24 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆగకుండా కదుపుతూ, సాధారణంగా 5 రోజులే నిల్వ చేస్తారు. కదలిక ఆగితే ఆక్సిజన్ అందక లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, పీహెచ్ పడిపోతుంది, బిళ్లల్లాంటి కణాలు గుండ్రబడతాయి. బిళ్లల ఆకారం నిలిచి ఉంటే సంచిని వెలుతురులో మెల్లగా తిప్పినప్పుడు మెరిసే సుడులు కనిపిస్తాయి. అదే స్విర్లింగ్ పరీక్ష.

కంటిచూపును ఎలా నమ్మడం అన్న అభ్యంతరం సబబే. చూసేవారిని బట్టి ఫలితం మారవచ్చు, బ్యాక్టీరియా లేదని అది తేల్చదు, దానికి కల్చర్ వంటి పరీక్షలు కావాలి. అయినా పీహెచ్, కణాల లెక్కలకు నమూనా తీయాలి కనుక వాటిని కొన్ని సంచులకే చేస్తారు. సుడిని మాత్రం సంచి విప్పకుండా, ఇచ్చేముందు ప్రతిదానిలోనూ చూడవచ్చు. మరి ఫ్రిజ్‌లో పెడితే? బ్యాక్టీరియా పెరుగుదల తగ్గుతుంది గానీ, చల్లబడిన కణాలను శరీరం త్వరగా తొలగిస్తుంది. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో 14 రోజుల శీతల నిల్వకు దారిచ్చినా, దాన్ని రక్తస్రావం జరుగుతున్న రోగులకే పరిమితం చేసింది.