ద్వితీయ భాషాభ్యసనము – యంత్ర సహాయము

ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థి తెలుగు నేర్చుటలో వెనుకబడుటకు కారణము తరచుగా తెలివి లోపము కాదు, బిడియము. తప్పు పలికిన నలుగురు నవ్వుదురేమోనను భయమున అతడు నోరు విప్పడు. నోరు విప్పనిదే భాష అలవడదు. దీనిని మా తరగతులలో నిత్యము చూచుచున్నాము. ఈ చిక్కును విడదీయుటకు యంత్రము కొంతవరకు తోడ్పడునని మా అభిప్రాయము.

తెలుగున ఎ-ఏ, ఒ-ఓ అను హ్రస్వదీర్ఘ భేదము వలన అర్థమే మారును. ఉర్దూలో ఈ జంటలకు అట్టి భేదము లేదు. కావున మన విద్యార్థి చెవికి ‘మెడ’, ‘మేడ’ ఒకే తీరున వినిపించవచ్చును. ‘కొన’, ‘కోన’ల సంగతియు ఇంతే. ఉర్దూలో ళకారము లేనందున ‘కళ’ కాస్తా ‘కల’ యగును.

1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును కనిపెట్టిన నాటినుండి మనిషి తన గొంతును తానే వినగలుగుచున్నాడు. తరువాత టేపురికార్డరు వచ్చెను. నేడు ఆ పనిని చేతిలోని ఫోనే చేయుచున్నది. తెలుగు మాతృభాషగా గల మిత్రునిచేత ఇట్టి పది జంటపదములను చదివించి రికార్డు చేసికొనవలెను. ఒక్కొక్క పదమును విని, తాను పలికి, రెంటిని పోల్చి వినవలెను. యంత్రము విసుగెరుగదు, వెక్కిరించదు.

అనువాద యంత్రముల విషయమున మాత్రము జాగ్రత్త అవసరము. గూగుల్ అనువాద సేవలో ఉర్దూ 2010లో, తెలుగు 2011లో చేరినవి. అయితే ఉర్దూలోని ‘హమ్’ అను ఒక్క మాటకు తెలుగున రెండు మాటలు కలవు. వినువానిని విడిచినచో ‘మేము’, కలుపుకొన్నచో ‘మనము’. ‘హమ్ జాయేంగే’ అను వాక్యమును ఒంటరిగా ఇచ్చినచో, ఎదుటివానిని వెంట పిలుచుచున్నామో లేదో యంత్రమునకు తెలియు దారి లేదు. పొరుగువారితో ‘మనము’ అనవలసిన చోట ‘మేము’ అన్నచో వ్యాకరణము చెడదు. వినువారి మనసు చివుక్కుమనును. ఈ భేదము మనుషుల నడుమ మసలినగాని పట్టుబడదు.

కావున ఉచ్చారణకు యంత్రమును, ఔచిత్యమునకు మనిషిని ఆశ్రయించుట మేలు. కళాశాల కమిటీవారు గ్రంథాలయమున సద్దులేని ఒక మూలను, రెండు హెడ్‌ఫోనులను సమకూర్చినచో ఈ అభ్యాసమునకు చాలును. విద్యార్థులారా! యంత్రము ఎదుట తప్పులు దిద్దుకొనుడు. పిదప పక్కింటివారితో ‘మనము’ అని ధైర్యముగా మాటలాడుడు.