పరుపు లేని సుఖనిద్ర

పట్టెమంచమును దూదిపరుపును లేనిదే సుఖనిద్ర లేదని కొందఱు తలంతురు. ఇది సరికాదు. జపానీయులలో పలువురు నేటికిని తాటామీ యను గడ్డిచాపలపై పలుచని పరుపు పఱచుకొని నిద్రింతురు. తెల్లవాఱగనే దానిని మడిచి గోడ యరలో నుంతురు. 1492వ సంవత్సరమున బహామా ద్వీపములు చేరిన కొలంబసు, అచ్చటివారు నూలువల యుయ్యెలలలో శయనించుట చూచెను. తరువాత ఐరోపా నావికులును వానిని తమ యోడలలో గట్టుకొనిరి. ఇట్టి యుయ్యెలలో మూలవాటముగా బరుండినచో వీపు అంతగా వంగదు.

మన నులకమంచమును తక్కువది కాదు. క్రిందినుండి గాలి యాడును. నులక సడలినచో కాళ్ళవైపు త్రాటిని బిగించిన జాలును.

మేము బాల్యమున తుంగచాపపైననే నిద్రించితిమి. అది చౌక, చల్లన. కాని నేలపై బరుండువా రొక్క సంగతి మఱవరాదు. కట్లపాము రాత్రివేళ సంచరించును. దాని కాటు నొప్పి లేకయే యుండవచ్చును; నిద్రించువానికి తెలియకయే ప్రాణాపాయము కలుగవచ్చును. కావున దోమతెర దించి, దాని యంచులను చుట్టును చాపక్రింద దోపవలెను. తెర లేనివారికి మంచమే మేలు. కాటని యనుమానము కలిగినచో తెల్లవాఱువఱకు వేచియుండక తత్క్షణమే యాసుపత్రికి బోవలెను.

చాపపై నిద్రించుటకు సిగ్గుపడవలదు. తెర దోపుట మాత్రము మఱవవలదు.