ఒక ప్రక్కకు లాగు మోటారుబండి

జోడెడ్ల బండిని తోలుట మన విద్యార్థులలో ననేకులు చూచియే యుందురు. రెండెడ్లును సమముగా నడచునంతవరకు బండి తిన్నగా పోవును. ఎడమయెద్దు వెనుకబడినచో బండియు నెడమకే తిరుగును. మోటారుబండి విషయమునను న్యాయ మిదియే. తిన్నగా పోవలసిన బండి యొక ప్రక్కకు లాగుచున్నదనగా, కుడి యెడమల నడుమ నెచ్చటనో సమత చెడినదని యర్థము. ఆ చోటును కనుగొను విధము నిచ్చట వివరింతుము.

కొందరు స్టీరింగును రెండవ ప్రక్కకు గట్టిగా పట్టి యీ లాగుడును సరిపెట్టుకొందురు. కొన్నాళ్లకు చేతుల కది యలవాటై, దోషమున్నదను మాటయే మరపునకు వచ్చును. ఇది ప్రమాదకరము. తడిసిన రోడ్డుపై నాకస్మికముగా బ్రేకు వేయవలసిన క్షణమున, ఆ దోషము చేతుల పట్టునకు మించిపోవచ్చును.

మొదట రోడ్డును చూడవలెను. వాననీరు నిలువకుండుటకై రోడ్డు నడుమ నెత్తుగను, అంచులు పల్లముగను నుండును. మన దేశమున బండ్లు ఎడమవైపున నడచును గనుక, దోషము లేని బండియు నించుక యెడమకు జారుట కలదు. కావున సమతలమై జనసంచారము లేని తిన్నని దారిలో, లైసెన్సుగల పెద్దవారు బండిని మెల్లగా నడుపుచు స్టీరింగుపై పట్టును కొంచెము సడలించి చూడవలెను. చేతులు పూర్తిగా విడువరాదు. అప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. బండి యెల్లప్పుడును లాగుచున్నదా? బ్రేకు వేసినప్పుడే లాగుచున్నదా? వేగము హెచ్చించునప్పుడే లాగుచున్నదా?

ఎల్లప్పుడును లాగుచున్నయెడల, ముందు టైర్లలోని గాలిని కొలువవలెను. గాలి తక్కువైన టైరు నేలకు మరింత యదిమికొని బండిని తనవైపు లాగును. చిన్నకార్లకు సాధారణముగా చదరపంగుళమునకు 30 మొదలు 35 పౌనుల వరకు గాలి యుండవలెను. అయినను డ్రైవరు తలుపు చట్రముపై వ్రాసియున్న సంఖ్యయే ప్రమాణము. ప్రయాణముచే టైరు వేడెక్కకమునుపే కొలువవలెను.

గాలి సరిగా నున్నను లాగుడు పోనిచో, టైరునే యనుమానింపవలెను. 1946లో మిషెలిన్ సంస్థ పేటెంటు పొందిన రేడియల్ టైరే నేడు కార్లకు సాధారణముగా వాడుకలో నున్నది. దానిలోని యుక్కుతీగల పట్టీ యొక ప్రక్కకు జరిగి కూర్చున్నయెడల, టైరు శంకువువలె దొర్లజూచును. విద్యార్థులు కాగితపు గ్లాసును నేలపై దొర్లించి చూతురుగాక. అది తిన్నగా పోక సన్నని కొనవైపునకే తిరుగును. దీనిని పరీక్షించుటకు ముందుచక్రములు రెంటిని కుడియెడమలుగా మార్చవలెను. లాగుడు రెండవ ప్రక్కకు మారినను, మాయమైనను, దోషము టైరుదే. మారనిచో కారణము వేరు. ఒకే దిశను తిరుగవలెనని బాణపుగుర్తు గల టైర్ల నిట్లు మార్చరాదు. జాకీ మాత్రమే యాధారముగా నున్న బండిక్రింద నెవ్వరును దూరరాదు.

ఈ వ్యాసకర్త యెరిగిన బండి యొకటి యెడమకు లాగుచుండెను. యజమాని రెండుమారులు చక్రముల యమరికకై సొమ్ము వెచ్చించెను, గుణము కనబడలేదు. తుదకు ముందుటైర్లను మార్చి చూడగా బండి కుడికి లాగసాగెను. పావుగంట పరీక్ష ముందే చేసియున్న యెడల ఆ సొమ్ము నిలిచియుండెడిది.

టైర్లు మంచివైనచో బ్రేకులను చూడవలెను. బ్రేకు పట్టి వదలని చక్రము, కాలు తీసిన పిమ్మటను బండిని తనవైపు లాగుచు మిక్కిలి వేడెక్కును. ప్రయాణానంతరము చేతిని చక్రమునకు దగ్గరగా నుంచినచో వేడి తెలియును; ముట్టరాదు. బ్రేకు వేసినప్పుడే లాగినచో, బండి బాగుగా పట్టు బ్రేకు వైపునకే పోవును. కావున బండి కుడికి లాగుచుండ, తరచుగా దోషము నెడమ బ్రేకులోనే యుండును. అట్టి బండిని బాగుచేయించువరకు నడుపరాదు.

ముందుచక్రములను త్రిప్పు బండ్లు వేగము హెచ్చించునప్పుడు కొంచెము లాగుట కలదు. అది యధికమైనచో అరిగిన బుష్షులను, బాల్ జాయింట్లను, ఇంజను దిమ్మలను చూపింపవలెను.

చక్రముల యమరిక తుదిపని. పై యంచు బయటికి వాలిన చక్రము, ఆ కాగితపు గ్లాసువలెనే, తాను వాలిన వైపునకు పోజూచును. దీనిని క్యాంబర్ అందురు. సైకిలు ముందుఫోర్కు వెనుకకు వాలియుండుటచే చక్రము తనంతట తిన్ననగునట్లే, కారునందును వాలు కలదు. దానిని క్యాస్టర్ అందురు. ఇది తక్కువైన వైపునకు బండి లాగును. అరిగిన కీళ్లను మార్చక అమరిక చేయించుట వ్యర్థము.

పరీక్ష కొకటి చొప్పున మాత్రమే మార్చుచు, ఫలమును నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. రెండింటి నొకేమారు మార్చినచో బండి బాగుపడవచ్చును గాని, కారణము మాత్రము తెలియదు. తెలియని కారణము మరల వచ్చిననాడు పని మొదటికి వచ్చును.