క్యాప్సూల్ ముందా, కందిపప్పు ముందా?

ఆరోగ్యం: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా తమ్ముడికి టీబీ అని తేలింది. రెండు నెలలుగా సర్కారు దవాఖాన మందులు వాడుతున్నాడు. తెలిసినాయన ఒకరు ‘ఇమ్యూనిటీ పెంచే ప్లాంట్ స్టెరాల్స్’ అంటూ క్యాప్సూల్స్ డబ్బా తెచ్చిచ్చారు. ఒక్కోదాంట్లో 20 మిల్లీగ్రాములని రాసి ఉంది. నెలకు 1,800 రూపాయలట. వాడమంటారా?
- ఒక సోదరి, రాజురా

జవాబు: వద్దమ్మా. ఆ డబ్బు వంటింటికి ఖర్చు పెట్టండి. అలాగని అదంతా ఒట్టి బూటకం అనను. మన ఒంట్లో కొలెస్ట్రాల్ చేసే పనిని మొక్కల్లో స్టెరాల్స్ చేస్తాయి. వాటిలో ముఖ్యమైనది బీటా-సైటోస్టెరాల్. దక్షిణాఫ్రికాలోని స్టెల్లెన్‌బాష్ విశ్వవిద్యాలయంలో పాట్రిక్ బూయిక్ బృందం 1990లలో దీన్ని రక్తకణాల మీద పరీక్షించింది. రోగంతో పోరాడే టీ-కణాలు చురుగ్గా పెరగడం గమనించింది. 1997లో ఆ దేశంలోనే ఊపిరితిత్తుల టీబీ ఉన్నవాళ్ల మీద ఒక చిన్న ప్రయోగం జరిగింది. స్టెరాల్స్ తీసుకున్నవాళ్లు కాస్త ఎక్కువ బరువు పెరిగారు, కొన్ని రకాల తెల్లకణాలూ పెరిగాయి. అయితే వాళ్లంతా టీబీ మందులు వాడుతూనే ఉన్నారు. ఒక్క చిన్న ప్రయోగాన్ని నమ్ముకుని నెలనెలా ఇంత ఖర్చు పెట్టడం తగదు.

తిండి విషయంలో మాత్రం గట్టి రుజువుంది. జార్ఖండ్‌లో జరిగిన ‘రేషన్స్’ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. టీబీ రోగి ఇంట్లోవాళ్లకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఇవ్వని ఇళ్లతో పోలిస్తే ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం సుమారు 40 శాతం తగ్గింది. అందుకే తమ్ముడితోపాటు మీరందరూ కడుపునిండా పప్పన్నం తినండి. గుడ్లు, పాలు, పల్లీలు అతనికి అదనంగా పెట్టండి. నెలనెలా బరువు చూసి రాసిపెట్టుకోండి. ప్రభుత్వ పథకమైన నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్స సాగినన్నాళ్లూ నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడాలి. 2024 నవంబరు దాకా అది 500 ఉండేది. పడకపోతే మందులిచ్చే చోటే అడగండి. మందులు మాత్రం ఒక్క పూట కూడా తప్పకూడదు.

ప్రశ్న: ఈ స్టెరాల్స్ మన తిండిలో దొరకవా?
- ఒక గృహిణి, బల్లార్షా

జవాబు: ఎందుకు దొరకవు! మీ వైపు జొన్నరొట్టెలోకి నూరుకునే అవిసెల కారంలో ఉన్నాయి. నువ్వులు, పల్లీలు, పప్పుల్లో ఉన్నాయి. సోయా నూనె, తవుడు నూనెల్లోనూ ఉన్నాయి. 100 గ్రాముల నువ్వుల్లో సుమారు 400 మిల్లీగ్రాములు ఉంటాయి. అంటే 10 గ్రాముల నువ్వులు వేయించి పొడికొట్టి అన్నంలో కలుపుకుంటే 40 మిల్లీగ్రాములు. పై ఉత్తరంలోని క్యాప్సూల్స్ రెండింటితో సమానం. పైగా నువ్వులతోపాటు మాంసకృత్తులు కూడా అందుతాయి. మామూలు భోజనం చేసేవారికి రోజుకు 200 నుంచి 400 మిల్లీగ్రాముల దాకా స్టెరాల్స్ అందుతాయని అంచనా. క్యాప్సూల్‌లోదైనా, పచ్చడిలోదైనా మన పేగు రక్తంలోకి పోనిచ్చేది నూటికి ఐదు వంతుల లోపే.

ప్రశ్న: మా అమ్మకు రుమటాయిడ్ కీళ్లవాతం. ఇమ్యూనిటీ పెరిగితే నొప్పులు తగ్గుతాయని ఇవే క్యాప్సూల్స్ కొనమంటున్నారు.
- ఒక యువకుడు, గడ్‌చాందూర్

జవాబు: ఆ జబ్బులో రోగనిరోధక శక్తికి కొరత లేదు బాబూ. అది దారి తప్పి సొంత కీళ్ల మీదే పడుతోంది. అమ్మగారికి డాక్టర్లు ఇచ్చే మందుల్లో చాలావరకు దాన్ని అదుపులో పెట్టేవే. ఒకవైపు అదుపు చేస్తూ ఇంకోవైపు ఉసిగొల్పడం ఏం పద్ధతి? ఇలాంటి పదార్థాల మీద ప్రయోగాలు లేకపోలేదు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పరిశోధకులు ఉబ్బసం రోగులకు స్టెరాల్స్‌కు దగ్గరి చుట్టాలైన స్టానాల్స్ ఇచ్చి, హెపటైటిస్-ఎ టీకా వేశారు. యాంటీబాడీలు మెరుగ్గా వచ్చాయని 2016లో ప్రకటించారు. కానీ వాళ్లిచ్చిన మోతాదు రోజుకు 4 గ్రాములు. 20 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ లెక్కన 200! ఉబ్బసంలో వచ్చిన ఫలితం కీళ్లవాతంలోనూ వస్తుందని అనుకోవడానికి లేదు. చికిత్స చేస్తున్న డాక్టరును అడగకుండా కొనకండి. తిండిలో వచ్చే స్టెరాల్స్‌కు భయపడక్కర్లేదు.

ప్రశ్న: కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ వాడుతున్నాను. దాన్ని మానేసి స్టెరాల్స్‌కు మారవచ్చా?
- గని కార్మికుడు, రాజురా

జవాబు: మానకండి. స్టెరాల్స్‌కు గట్టి ఆధారం ఉన్నది ఇక్కడే అన్నది నిజం. రోజుకు 2 గ్రాములు తీసుకుంటే చెడు కొలెస్ట్రాల్ 8 నుంచి 10 శాతం తగ్గుతుంది. కానీ స్టాటిన్ తగ్గించేది అంతకు ఎన్నో రెట్లు. డాక్టరు సరేనంటే రెండూ కలిపి వాడవచ్చు. గర్భిణులకు, బాలింతలకు, ఐదేళ్లలోపు పిల్లలకు మాత్రం స్టెరాల్స్ కలిపిన పదార్థాలు పెట్టకండి. సైటోస్టెరోలేమియా అనే అరుదైన వంశపారంపర్య జబ్బు ఉన్నవాళ్లకు ఇవి రక్తంలో పేరుకుని హాని చేస్తాయి. ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవాళ్లు ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.