అచ్చులో రాలిపోయిన పద్యాలు

పుస్తక నిషేధం అనగానే మనకు పోలీసులు, జప్తులు, కోర్టులు గుర్తుకొస్తాయి. కానీ ఒక రచన పాఠకుడికి దూరం కావడానికి ప్రభుత్వ ఉత్తర్వే అక్కర్లేదు. అచ్చుకు సిద్ధం చేసేవారు కొన్ని పుటలు పక్కన పెట్టినా చాలు. ఈ రెండు దెబ్బలూ తిన్న తెలుగు కావ్యం ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’.

ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరును ఏలిన మరాఠా రాజు ప్రతాపసింహుని ఆస్థాన కవయిత్రి. తమిళ దేశంలో తెలుగు కావ్యమేమిటని మనలో కొందరికి అనుమానం రావచ్చు. అంతకుముందు అక్కడ పాలించిన నాయక రాజులు తెలుగును ఎంతో ఆదరించారు. మరాఠా రాజులు వచ్చాక కూడా ఆ ఆదరణ పోలేదు. కృష్ణుడు ఇళాదేవిని పెళ్ళాడాక రాధ పడే వేదన, అలక, చివరికి కృష్ణుడు ఆమెను ఊరడించడం ఇందులోని కథ. రాధ మనసునూ కోరికనూ ఒక స్త్రీ దాపరికం లేకుండా రాయడమే ఇందులోని విశేషం.

ఈ కావ్యం 1887లో అచ్చయింది. అయితే పరిష్కర్త కొన్ని పద్యాలను తీసేశారు, అవతారికను కూడా వదిలేశారు. అవతారికలో కవి తన వంశాన్నీ విద్యనూ చెప్పుకుంటాడు. ముద్దుపళని అందులో తన ఇంటి ఆడవాళ్ళ నుంచి వచ్చిన సాహిత్య వారసత్వాన్ని చెప్పుకుంది. శృంగార పద్యాలను తీసేసినందుకు ఏదో ఒక సాకు చెప్పవచ్చు. మరి కవయిత్రి తన గురించి తాను చెప్పుకున్న మాటలు ఏం తప్పు చేశాయి? కందుకూరి వీరేశలింగం పంతులు అంతటి సంస్కర్త కూడా ఈ కవయిత్రిని వేశ్య అనీ, ఆమె పద్యాలు స్త్రీలు వినదగినవి కావనీ తీసిపారేశారు.

ఆ మాటకు బదులు చెప్పినవారు బెంగళూరు నాగరత్నమ్మ. తిరువైయారులో త్యాగరాజ స్వామి సమాధి దగ్గర ఆలయం కట్టించిన సంగీత విదుషీమణి ఆమే. ముద్దుపళని లాగే ఆమె కూడా దేవదాసీ కుటుంబంలో పుట్టారు. అచ్చు పుస్తకాన్ని చేతిరాత ప్రతితో పోల్చి చూస్తే ఏమేం మాయమయ్యాయో ఆమెకు తెలిసింది. పోయినవాటిని చేర్చి 1910లో మద్రాసులోని వావిళ్ళ వారి ద్వారా పూర్తి కావ్యాన్ని ప్రచురించారు. సిగ్గు ఆడవాళ్ళకే ఉండాలా, మగవాళ్ళకు అక్కర్లేదా అని తన పీఠికలో సూటిగా అడిగారు. మరుసటి ఏడే ప్రభుత్వం ఆ పుస్తకం అశ్లీలమని ప్రతులను స్వాధీనం చేసుకుంది. టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రభుత్వానికి నాయకుడుగా ఉన్నప్పుడు గాని నిషేధం తొలగలేదు. 1952లో వావిళ్ళ వారు కొత్త ముద్రణ తెచ్చారు.

ఇప్పుడు మన రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణలో భావప్రకటన స్వేచ్ఛను ఇచ్చింది. 19(2)లో సభ్యత, నైతికత వంటి కారణాలతో సహేతుకమైన ఆంక్షలకూ చోటిచ్చింది. ఏది సభ్యతో తేల్చడం నేటికీ తేలికైన పని కాదు.

ఈ కథలో మనం గట్టిగా పట్టుకోవలసిన విషయం ఒకటుంది. పాత ప్రతి ఎక్కడో మిగిలి ఉండబట్టే నాగరత్నమ్మ పోల్చి చూడగలిగారు. ప్రచురణ తెర మీదికి మారిన ఈ రోజుల్లో ఆ అవకాశమే సన్నగిల్లుతోంది. 2009లో హక్కులు లేని విక్రేత అమ్మాడన్న కారణంతో అమెజాన్ సంస్థ తన కిండిల్ పాఠకుల పరికరాల నుంచి జార్జ్ ఆర్వెల్ నవల ‘1984’ను తొలగించింది. డబ్బు తిరిగి ఇచ్చింది, నిజమే. అయినా కొన్న పుస్తకం మన చేతిలోంచి అలా వెళ్ళిపోగలదని నాడు చాలామందికి తెలిసింది. (నిఘా రాజ్యం గురించి రాసిన నవలకే ఇలా జరగడం విచిత్రం!) అలాగని తెరను తిట్టి లాభం లేదు. దొరకని ఎన్నో పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేయడం వల్లనే ఇవాళ మనకు అందుతున్నాయి.

అభ్యాసం: గ్రంథాలయంలో వేమన పద్యాల సంపుటాలు రెండు తీసుకొని పక్కపక్కన పెట్టుకుందాం. ముద్రణ సంవత్సరం, పరిష్కర్త పేరు రాసుకుందాం. ఒకదానిలో ఉండి రెండోదానిలో లేని పద్యాలేవో గుర్తిద్దాం. ఎందుకు వదిలారో పీఠికలో చెప్పారేమో చూద్దాం.