అమెరికా మాటల్లో అసలు సంగతి

కొత్తగా అమెరికా వచ్చిన మనవాళ్లలో ఇంగ్లిష్ బొత్తిగా రానివాళ్లు తక్కువే. వాక్యంలో ప్రతి పదమూ తెలిసి ఉండి కూడా, ఎదుటివాళ్లు ఏం చేయమంటున్నారో తెలియకపోవడమే అసలు ఇబ్బంది. అందుకే నుడికారాల జాబితాలు బట్టీ పట్టొద్దంటాను. ఏ మాట విన్నా రెండు సంగతులు చూసుకోండి: ఇందులో నాకేమైనా పని పడిందా? వీళ్లు మాట ఇచ్చారా, మర్యాదగా తప్పుకున్నారా?

ముందు రోజూ వినేవి. బస్సులో మీ పక్క సీటు చూపించి ‘డు యు మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?’ అంటారు. మనం నవ్వుతూ ‘యెస్’ అనేస్తాం. అంటే కూర్చుంటే నాకు అభ్యంతరమేనని చెప్పినట్టు. అక్కడ ‘నో’ అనాలి, లేదా ‘గో ఎహెడ్’ అంటే ఏ గొడవా ఉండదు. ఇంకొంచెం కాఫీ పోయమంటారా అంటే ‘ఐయామ్ గుడ్’ అన్నారా, వద్దన్నట్టు. ‘ఫర్ హియర్ ఆర్ టు గో?’ అంటే ఇక్కడే తింటారా, కట్టివ్వాలా అని. మీరు పార్సిల్ అన్నారంటే వాళ్లకు పోస్టులో వచ్చే డబ్బా గుర్తొస్తుంది. ‘వి షుడ్ గెట్ టుగెదర్ సమ్‌టైమ్’ అన్నంత మాత్రాన పిలిచినట్టు కాదు. తేదీ, టైమ్ చెబితేనే పిలుపు.

ఆఫీసు మాటల్లో బేస్‌బాల్ నుంచి వచ్చినవి చాలా ఉన్నాయి. మనం ఇంటర్వ్యూలో తేలిపోయినవాణ్ణి క్లీన్ బౌల్డ్ అయ్యాడంటామే, అలాగన్నమాట. రెయిన్ చెక్ అంటే ఒకప్పుడు వాన వల్ల ఆట ఆగిపోతే ఇంకో రోజు ఆట చూడనిచ్చే టికెట్ ముక్క. ఇప్పుడు మీరు లంచ్‌కి పిలిస్తే ‘కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్?’ అంటారు. ఈసారికి కుదరదని అర్థం. కొన్నాళ్లాగి మళ్లీ పిలవొచ్చు, మర్నాడే కాదు. ‘టచ్ బేస్’ అంటే కాసేపు మాట్లాడుకోవడం, అంతే.

వీటిలో జాగ్రత్త పడాల్సింది బాల్‌పార్క్. ఈ పనికి ఎన్నాళ్లు పడుతుందో బాల్‌పార్క్ ఫిగర్ ఇవ్వమని మేనేజర్ అడిగితే, రెండ్రోజులు ఎక్సెల్ షీటు ముందు కూర్చుని గంటలతో సహా లెక్క తెచ్చేవాళ్లున్నారు. ఆయనకు కావలసింది అప్పటికప్పుడు ఉజ్జాయింపుగా ఓ మాట. ‘రెండు మూడు వారాలు, జస్ట్ ఎ బాల్‌పార్క్’ అనండి. ఆ చివరి ముక్క మరవకండి. అది లేకపోతే మీరన్న రెండు వారాలే గడువై కూర్చుంటుంది.

‘లెట్స్ టేబుల్ దిస్’ అంటే అమెరికాలో ఈ విషయం ప్రస్తుతానికి పక్కన పెడదామని. బ్రిటన్‌లో సరిగ్గా దానికి విరుద్ధం: ఇప్పుడే చర్చకు పెడదామని. రెండో ప్రపంచయుద్ధంలో రెండు దేశాల సైనికాధికారులు ఈ ఒక్క మాట మీద చాలాసేపు వాదించుకున్నారని అప్పటి బ్రిటన్ ప్రధాని చర్చిల్ తన యుద్ధచరిత్రలో రాశారు. లండన్ టీమ్ కూడా కాల్‌లో ఉంటే మళ్లీ ఒకసారి అడగండి.

మెత్తటి మాటలు ఇంకా ముఖ్యం. ‘యు మే వాంట్ టు టేక్ అనదర్ లుక్ ఎట్ దిస్’ అన్నది సలహాలా వినిపిస్తుంది, కానీ మళ్లీ చేసి తెమ్మనే. ‘ఐ హావ్ సమ్ కన్సర్న్స్’ అంటే ఒప్పుకోవడం లేదని. అనుమానం వస్తే ‘వాట్ డు యు నీడ్ ఫ్రమ్ మీ, అండ్ బై వెన్?’ అని అడగండి. ఎవరూ చిన్నచూపు చూడరు. ఇక ‘వి ఆర్ లెట్టింగ్ యు గో’ అన్నారంటే ఇంటికి వెళ్లమని కాదు, ఉద్యోగం తీసేస్తున్నామని. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఆ తర్వాత దేశంలో ఉండటానికి దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 పత్రంలోని గడువు ఈలోపే ముగిసిపోతే అంతకంటే తక్కువ. కాబట్టి ఉద్యోగం ముగిసే తేదీ ఏదో ఆ రోజే రాతలో తీసుకోండి.

మన వైపు నుంచీ సర్దుకోవాల్సినవి కొన్ని. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అంటే వాళ్లకు మీరు స్పృహ తప్పినట్టు. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మీకు నమ్మకం లేనట్టు. ‘గ్రాడ్యుయేటెడ్’ అనండి, ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనండి. ‘ప్రీపోన్’ చాలామందికి అర్థమే కాదు. ఇవి తప్పులని నేననను. మన దేశపు ఇంగ్లిష్ అది. వినేవాళ్లకు తెలియాలి కదా అని మార్చుకోవడమే.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు మాత్రం ఈ తేడా ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ ‘ఆర్ యు రెగ్యులర్?’ అనడిగితే, మాత్రలు రెగ్యులర్‌గానే వేసుకుంటున్నానంటుంది అమ్మ. ఆయన అడిగింది విరేచనం సాఫీగా అవుతోందా అని. ‘పిన్స్ అండ్ నీడిల్స్’ అంటే తిమ్మిర్లు. అన్నిటికన్నా ప్రమాదం ‘హార్ట్‌బర్న్’. అక్కడ దానర్థం కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్ని వచ్చే మంట. గుండెల్లో మంటగా ఉంది, పట్టేసినట్టుంది అని నాన్న అంటే, దాన్ని హార్ట్‌బర్న్ అని చెప్పకండి. ‘చెస్ట్ పెయిన్’, ‘టైట్‌నెస్’ అని ఉన్నదున్నట్టు చెప్పండి.

ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఇంగ్లిష్ సరిగా రాని రోగులకు ఇంటర్‌ప్రెటర్ సాయం ఉచితంగా అందించాలి. సాధారణంగా ఫోన్లోనో వీడియోలోనో మాట్లాడిస్తారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి. ఆ పని ఇంట్లో పిల్లల మీద పెట్టకండి.